ఆంటీకి కేటగిరీ లేదు

అమర్‌నాథ్ చేసే ఉద్యోగం గురించి ముందు రెండు ముక్కలు చెప్పుకోవాలి. లేకపోతే అతను చేసిన పని ఎంత సిగ్గుమాలినదో సరిగ్గా అర్థం కాదు. అమెరికాలో ప్లెయిన్స్‌బరోకి దగ్గర్లో ఒక మందుల కంపెనీ ఉంది. కొత్త మందు వాడినవాళ్ళు చెప్పుకునే బాధలన్నీ ఇతని స్క్రీన్ మీదికి వస్తాయి. ఒకావిడ బుర్రలో తేనెటీగలు తిరుగుతున్నాయంటుంది. ఒకాయన ఈ కాళ్ళు నావి కావంటాడు. ఆ మాట ఏ రకం కిందికి వస్తుందో చూసి, పుస్తకంలో ఉన్న పేరు దానికి తగిలించడం అమర్‌నాథ్ పని. ఎక్కడా ఇమడనివాటి కోసం చివర్లో 'ఇతరములు' అని ఒక గూడు ఉంటుంది. చేతగానివాళ్ళు సగం బాధల్ని అందులోకి తోసేసి ఇంటికెళ్ళిపోతారు. అమర్‌నాథ్ అలా చేయడు. "మాటని సరిగ్గా చదవండి, దాని చోటేదో అదే చెప్తుంది" అని కొత్తగా చేరినవాళ్ళకి క్లాసు పీకుతాడు. అంతటి ఘనుడు.

ఈ ఘనుడి ఇంట్లో ఆరు నెలల విజిట్‌కి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. పేరు కోటమ్మ. అతను ఆవిడని "పిన్నీ" అని పిలుస్తాడు. ఇంటికొచ్చిన స్నేహితులకి "మా పిన్ని" అని పరిచయం చేస్తాడు. ఆఫీసులో అమెరికన్లకైతే "మై ఆంట్" అంటాడు. వినేవాళ్ళు ఆవిడ అతని తల్లికి చెల్లెలనుకుంటారు. అనుకుంటే అనుకోనీ అని ఊరుకుంటాడు. మన మాటలో ఉన్న సౌకర్యం అది. అమ్మ చెల్లెలూ పిన్నే, బాబాయి భార్యా పిన్నే, తల్లి పోయాక తండ్రి కట్టుకున్న మనిషీ పిన్నే. కోటమ్మ ఆ మూడో రకం.

అమర్‌నాథ్‌కి ఏడేళ్ళప్పుడు తల్లి పోయింది. ఏడాది తిరిగేసరికి తండ్రి శేషగిరి కోటమ్మని పెళ్ళి చేసుకుని నరసరావుపేట తీసుకొచ్చాడు. అప్పుడు అమ్మమ్మ పిల్లాణ్ణి పక్కకి లాక్కెళ్ళి, "దాన్ని అమ్మా అన్నావంటే నా కూతుర్ని రెండోసారి చంపినట్టేరా" అంది. అంతటితో ఊరుకుందా? "అది పెట్టేది చూసి తిను, అందులో ఏం కలుపుతుందో ఏమో" అని కూడా చెవిలో వేసింది. కూతురు పోయిన దుఃఖమే, కాదనను. కానీ పసివాడి చెవిలో వేయాల్సిన మాటేనా అది! వాడు కంచం ముట్టుకోవడం మానేశాడు.

కోటమ్మకి సంగతి ఎలా తెలిసిందో మరి, తెలిసింది. ఆవిడ అరవలేదు, మొగుడికి చాడీ చెప్పలేదు. గిన్నెలోంచి కాస్త అన్నం, కాస్త కూర తన అరచేతిలో వేసుకుని, కలిపి, వాడి ఎదురుగా తింది. తిని కాసేపు అలాగే కూర్చుంది. "చూశావుగా, నాకేం కాలేదు. ఇప్పుడు నువ్వు తిను" అంది. అప్పటినుంచి పూటపూటకీ అదే తంతు. వీడు పిన్ని అని పిలుస్తున్నాడేమిటని శేషగిరి నొచ్చుకుంటే, "పిలుస్తున్నాడుగా, చాల్లెండి" అంది.

ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో కూడా, అమర్‌నాథ్‌కి వడ్డించే ముందు ఒక చిన్న ముద్ద తన నోట్లో పెట్టుకుంటుంది. ఉప్పు చూస్తోంది కాబోలు అనుకుంటుంది అతని భార్య జాహ్నవి. అమర్‌నాథ్‌కి మాత్రం తెలుసు. తెలిసీ ఫోన్ చూసుకుంటూ తినేస్తాడు.

శేషగిరి పోయి రెండేళ్ళవుతోంది. ఆయనతోపాటే అద్దె ఇల్లూ పోయింది. కోటమ్మకి కడుపున పుట్టినవాళ్ళు లేరు. తమ్ముడింట్లో కొన్నాళ్ళుంది గానీ, అక్కడ మరదలు గిన్నెలు ఎత్తేసే చప్పుడులోనే విషయం అర్థమైపోయేది. ఇప్పుడు విజిట్ గడువు అయిపోవచ్చింది. తిరుగు టికెట్ తీసి ఉంది. అమర్‌నాథ్ ఇక్కణ్ణించే గుంటూరులో ఒక వృద్ధాశ్రమం మాట్లాడి పెట్టాడు. వృద్ధాశ్రమం అంటే అతనికి కోపం. 'సీనియర్ లివింగ్' అనాలట.

"నువ్వు సిటిజన్‌వి కదా, ఆవిడకి గ్రీన్ కార్డ్ అప్లై చేయొచ్చుగా? ఇక్కడే ఉండిపోతుంది" అని జాహ్నవి అడగనైతే అడిగింది.

"పిన్నులకి కేటగిరీ లేదు జానూ. నేను చూశాను."

"చూస్తే సరా? ఒకసారి లాయర్ని అడుగు. అడిగితే ఏం పోయింది?"

ఆ పోరు పడలేక శనివారం పొద్దున్నే కోటమ్మని వెంటబెట్టుకుని లాయర్ ఆఫీసుకి బయల్దేరాడు. కూతురు స్మృతిని డాన్స్ క్లాసులో దింపాలి కాబట్టి జాహ్నవి రాలేదు. వచ్చుంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

లాయర్ పేరు గీతాంజలి. ఇక్కడే, ఎడిసన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు వచ్చు గానీ, మాట చివర్లు కొంచెం కొరుక్కుతింటుంది. "రండి అంకుల్, కూర్చోండి ఆంటీ" అంది. నలభై దాటగానే అంకుల్ అయిపోయినందుకు అమర్‌నాథ్ మొహం కాస్త చిన్నబోయింది. పాపం, ఆ రోజు అతనికి జరగబోయే చిన్నతనంలో అది లెక్కలోకే రాదు.

"సో, ఆంటీ మీకు ఎలా రిలేటెడ్?"

"షీ ఈజ్ మై ఆంట్" అన్నాడు. నోటికి అలవాటైన మాట, ఠక్కున వచ్చేసింది.

గీతాంజలి కోటమ్మ వైపు తిరిగింది. "ఆంటీ, మీరు అంకుల్ వాళ్ళ మామ్‌కి సిస్టర్ ఆ?"

కోటమ్మ అమర్‌నాథ్ మొహంలోకి చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు. నువ్వేం చెప్పమంటే అది చెప్తాను అన్నట్టు చూసింది, అంతే. అమర్‌నాథ్ గోడ మీద సర్టిఫికెట్లు చదవడం మొదలుపెట్టాడు.

"ఆఁ... అంతే అనుకోమ్మా" అంది కోటమ్మ.

"అయ్యో, అయితే కష్టం ఆంటీ" అని గీతాంజలి నిజంగానే బాధపడింది. పాపం ఓపిగ్గా విడమర్చి చెప్పింది. "సిటిజన్ తన పేరెంట్‌కి అప్లై చేయొచ్చు. లా లో పేరెంట్ అంటే ఒక పెద్ద బుట్ట అనుకోండి. కన్న మదర్ అందులో ఉంది. అడాప్ట్ చేసుకున్న మదర్ ఉంది. స్టెప్ మదర్ కూడా ఉంది, పిల్లాడికి ఎయిటీన్ రాకముందు మ్యారేజ్ అయిపోతే చాలు. కానీ ఆంట్ లేదు. చిన్నప్పట్నుంచి పెంచినా సరే, లేదు. మనకి అందరూ ఆంటీలే కదా! లా కి ఆంటీ అంటే ఎవరూ కాదు."

అమర్‌నాథ్ ఇంకో సర్టిఫికెట్ చదివాడు.

చెప్పాల్సింది ఒక్క ముక్క. అది చెప్తే గుంటూరు లేదు, ఆశ్రమం లేదు, ఆవిడ ఇక్కడే ఉంటుంది. ఆ ముక్క అతనికి కొత్తగా తెలిసిందీ కాదు. సిటిజన్‌షిప్ వచ్చిన వారంలోనే ఆ వెబ్‌సైట్ తెరిచాడు. పేరెంట్ అన్న మాట కిందికి ఎవరెవరు వస్తారో చదివాడు. 'స్టెప్' అన్న అక్షరాలు కనబడగానే పేజీని కిందికి జరిపేశాడు. మాటని సరిగ్గా చదవమని ఊరందరికీ చెప్పేవాడు తన ఇంటి మాట దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు.

ఎందుకంటారా? సవతి తల్లి అన్న మాట నోట పలకలేక అని తనకి తాను చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళుగా తల్లి లేని పిల్లాణ్ణని అందరి దగ్గరా జాలి పుచ్చుకుని, ఇప్పుడు ఉందని ఎలా చెప్పడం అనుకున్నాడు. అవన్నీ పై మాటలు. అసలు సంగతి ఏమిటంటే, కేటగిరీ ఉందంటే ఆవిడ ఉండిపోతుంది. హాల్లో సోఫా చివర ఆ మనిషి, పొద్దున్నే ఆ దగ్గు, స్నేహితులొస్తే ఎవరని అడిగే ఆ ప్రశ్న, ఎప్పటికీ. తను వద్దనాల్సిన పని లేకుండా చట్టమే వద్దంటుంటే ఎంత హాయి! ఆ హాయి కోసం నోరు మూసుకున్నాడు.

"థాంక్యూ అండీ" అని లేచాడు. కోటమ్మ కూడా లేచి, "నీ టైమంతా తినేశాం తల్లీ" అని ఆ పిల్ల చెయ్యి నిమిరింది.

తిరిగొస్తుంటే కారు రూట్ వన్ మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కోటమ్మ అడిగింది.

"స్టెప్పు మదరంటే ఏంటబ్బాయ్?"

అదుగో, దేవుడిచ్చిన రెండో అవకాశం. అమర్‌నాథ్ ఏం చేశాడు? "అదేదో లా మాటలే పిన్నీ, మనకి సంబంధం లేదు" అన్నాడు.

"ఊఁ" అంది కోటమ్మ. కాసేపు కిటికీలోంచి చూసింది. సిగ్నల్ పచ్చగా మారాక, "నా గురించి నువ్వేం బెంగపెట్టుకోకు. ఆశ్రమంలో నాకేం ఇబ్బంది? పదిమందీ ఉంటారు, పొద్దుపోతుంది" అంది. అంటూ, ఏసీ గాలి అతని మొహమ్మీదికి కొడుతోందని అటువైపు రేకు పక్కకి తిప్పింది.

ఇంటికొచ్చేసరికి జాహ్నవి తలుపు దగ్గరే ఉంది. కోటమ్మ చెప్పులు విప్పి, "దొండకాయలు తరిగి పెట్టొచ్చాను, పోపెయ్యాలి" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఏమంది?"

"చెప్పానుగా. ఆంట్‌కి కేటగిరీ లేదంది."

"ఆంటేంటి?" జాహ్నవి గొంతు మారింది. "నువ్వేమని చెప్పావు అసలు?"

అమర్‌నాథ్ వంగి బూట్లు విప్పుకోవడంలో పడ్డాడు.

"అమర్, నిన్నే. స్టెప్ మదర్ అని చెప్పావా, లేదా?"

"అంటే... మీ అమ్మకి చెల్లెలా అని ఆ లాయరు అడిగింది... పిన్ని కూడా అవునంది..."

"ఛీ" అంది జాహ్నవి. ఆ ఒక్క అక్షరం చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. "ఎవరో ముక్కూమొహం తెలియనావిడ బుర్రలో తేనెటీగలంటే దానికి సరైన పేరు దొరికేదాకా అన్నం తినవు. ఇంట్లో మనిషిని మాత్రం తీసుకెళ్ళి 'ఇతరములు'లో పడేసొచ్చావు! ఆవిడ ఉండటం నీకిష్టం లేకపోతే లేదని చెప్పు. పోట్లాడతాను, ఏడుస్తాను, అదేదో మన గొడవ. చట్టం మీదికి ఎందుకు తోస్తావు? స్టెప్ మదర్‌కి ఉందో లేదో నీకు నిజంగా తెలీదా?"

"తెలుసు" అన్నాడు అమర్‌నాథ్. "ఎప్పుడో చూశాను. చూసి, చూడనట్టు ఊరుకున్నాను."

సరిగ్గా అప్పుడే వంటింట్లో మిక్సీ మోగింది. చెవులు చిల్లులు పడేట్టు మోగుతూనే ఉంది. ఎంతకీ ఆగకపోయేసరికి జాహ్నవి వెళ్ళి చూసింది. వెనకే అమర్‌నాథ్ కూడా వెళ్ళాడు. కోటమ్మ వీళ్ళకి వీపు పెట్టి, మిక్సీ మూత మీద చెయ్యి అదిమిపట్టి నిలబడి ఉంది. జార్‌లో ఏమీ లేదు. ఉత్త జారు తిరుగుతోంది.

వాళ్ళ మాటలు తనకి వినబడ్డాయని వాళ్ళకి తెలియకూడదని ఆవిడ పడ్డ అవస్థ అది.

అమర్‌నాథ్ హాల్లోకి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చిన్నప్పుడు పచ్చకామెర్లొచ్చి పడుంటే మంచం పక్కన నేల మీద పడుకున్న మనిషి. ఇంటర్‌లో లెక్కలు తప్పినప్పుడు నాన్న బెల్టు తీస్తే మధ్యకొచ్చి నిలబడ్డ మనిషి. ఈ రెండూ తలుచుకోవాలంటే ఇన్నాళ్ళూ అతనికి బద్ధకం. ఇప్పుడు తలుచుకోకపోయినా వచ్చి ఎదురుగా నిలబడుతున్నాయి.

ఫోన్ తీశాడు. గీతాంజలి ఆఫీసుకి చేశాడు. జాహ్నవి వచ్చి ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి పక్కన కూర్చుంది.

"గీతాంజలి గారూ, ఒక చిన్న కరెక్షన్" అన్నాడు. చిన్నదట! "పొద్దున నేను చెప్పింది... షీ ఈజ్ నాట్ మై ఆంట్. మా అమ్మ పోయాక నాన్నగారు ఆవిడని చేసుకున్నారు. షీ ఈజ్ మై స్టెప్ మదర్."

"వెయిట్ అంకుల్. మ్యారేజ్ అప్పుడు మీ ఏజ్ ఎంత?"

"ఎనిమిదేళ్ళు."

"అయితే ప్రాబ్లమ్ ఏముంది అంకుల్? షీ ఈజ్ యువర్ పేరెంట్! లా ప్రకారం ఆంటీ మీ మదర్."

ఇన్నేళ్ళలో తను ఒక్కసారి కూడా అనని మాటని ఎడిసన్ పిల్ల ఎంత తేలిగ్గా అనేసింది!

"ఇంకొక్కటి అంకుల్. మీ ఫాదర్ ఇప్పుడు లేరు కాబట్టి, ఆయన పోయాక కూడా మీరిద్దరూ నిజంగా ఫ్యామిలీలాగే ఉన్నారా అని చూస్తారు. పేరుకి కాదు, నిజంగా. ఫోన్ కాల్స్, రావడం పోవడం, ఒంట్లో బాగోకపోతే చూసుకోవడం, అలాంటివి. ఉన్నాయి కదా?"

ఉన్నాయా? నాన్న పోయాక ప్రతి ఆదివారం కోటమ్మ ఫోన్ చేసేది. ఇతను కట్ చేసి 'ఇన్ ఎ మీటింగ్' అని ఇంగ్లీషులో మెసేజ్ కొట్టేవాడు. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదని తెలిసీ కొట్టేవాడు. మళ్ళీ ఆదివారం ఆవిడ మళ్ళీ చేసేది. ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయితే ఆ సంగతి ఇతనికి జాహ్నవి చెప్తే తెలిసింది.

"ఆవిడ వైపు నుంచి ఉన్నాయి" అన్నాడు.

"సారీ, అర్థం కాలేదు అంకుల్."

"ఆవిడ వైపు నుంచి అన్నీ ఉన్నాయండీ." జాహ్నవి తల పక్కకి తిప్పుకుంది.

గీతాంజలి ఈసారి కొంచెం లాయర్ గొంతుతో అడిగింది. "ఓకే. మరి పొద్దున ఆంట్ అని ఎందుకు చెప్పారు? నేను ఆంటీని కూడా అడిగాను. మామ్‌కి సిస్టర్ అంటే అవునన్నారు. ఇది నాకు క్లియర్‌గా తెలియాలి అంకుల్."

అమర్‌నాథ్ ఏమని చెప్తాడు? ఆవిడ్ని వదిలించుకుందామని అని చెప్తాడా?

కొంగుకి చేతులు తుడుచుకుంటూ కోటమ్మ ఎప్పుడొచ్చిందో వచ్చింది. వంగి, ఫోన్‌కి బాగా దగ్గరగా మొహం పెట్టి మాట్లాడింది.

"నేనమ్మా, కోటమ్మని. వాడి తప్పేం లేదు తల్లీ. వాడికి ఇంగ్లీషు అంతగా రాదు. పిన్ని అనే మాటకి ఇంగ్లీషులో ఏమనాలో తెలీక అలా అనేశాడు. నాకు అసలే రాదాయె. వాడు అన్నాడు కదాని నేనూ తలూపాను. ఇద్దరం కలిసి నిన్ను తికమక పెట్టాం. ఏమనుకోకమ్మా."

గీతాంజలి ఫక్కున నవ్వింది. "అయ్యో, ఇట్స్ ఓకే ఆంటీ! నాకు తెలుగు రానట్టే కదా! నో ప్రాబ్లమ్, ఏమేం పేపర్స్ కావాలో పంపిస్తాను. టికెట్ క్యాన్సిల్ చేసుకోండి" అని పెట్టేసింది.

ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉండి, ఇంగ్లీషు మాటలకి ఇంగ్లీషు పేర్లు పెట్టి బతుకుతున్నవాడికి ఇంగ్లీషు రాదట. ఆ మాట చెప్పి వాడి పరువు కాపాడింది ఏబీసీడీలు రాని మనిషి. అమర్‌నాథ్‌కి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. నాలుగు దులిపేసి, నీ ఇంట్లో ఉండనుపో అని ఏడ్చినా బాగుండేది. తిరిగి ఏదో ఒకటి అనడానికి వీలుండేది.

"అన్నాలకి లేవండి, కూర చల్లారిపోతోంది" అంది కోటమ్మ.

బల్ల దగ్గర అతను కూర్చున్నాడు. కోటమ్మ గిన్నెలు తెచ్చి పెట్టింది. మూత తీసి, గరిటెతో కాస్త అన్నం, నాలుగు దొండకాయ ముక్కలు అరచేతిలో వేసుకుంది. వేళ్ళతో కలిపి, నిలబడే నోట్లో పెట్టుకుంది. నమిలి, మింగింది. అప్పుడు అతని కంచంలో వడ్డించబోయింది.

"పిన్నీ" అన్నాడు అమర్‌నాథ్. అమ్మా అనాలనే నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు. ఈరోజు అనే అర్హత లేదనిపించింది. "ఇంకా ఎందుకు పిన్నీ అది?"

"ఏది?"

"ముందు నువ్వు తినడం. ఎప్పుడో చిన్నప్పుడు... నేను..."

కోటమ్మ అతని వైపు చూడలేదు. అన్నం మీద కూర వేసి, పక్కన కాస్త నెయ్యి వేసింది.

"ఓ, అదా! ఉప్పు చూశాన్రా నాన్నా" అంది. "మీ అమెరికా ఉప్పు నాకింకా అంతుపట్టడం లేదు."

ఉప్పు సరిగ్గానే ఉంది. కంచం ఖాళీ అయ్యేదాకా అమర్‌నాథ్ తల ఎత్తలేదు.